పట్టీ మధ్యలో దిగకూడదు

బుద్వేల్‌లో మేముంటున్న ఫ్లాట్‌కు రంగులు వేయించాలని పోయిన నెల సజ్జ మీది సామానంతా దించాను. పాత కుక్కరు, పిల్లల ఊయల తాళ్ళు, ఎవరో పెళ్ళికి పెట్టిన స్టీలు బిందె, వాటన్నిటి వెనక ఒక పాలిథిన్ కవరు. విప్పితే బ్రష్షు. చెక్క పిడి, పిడి చివర వెలిసిపోయిన ఎర్రదారం. కుచ్చు మొత్తం తెల్లగా గడ్డకట్టి రాయిలా ఉంది. గోడలు చూడటానికి వచ్చిన పెయింటరు దాన్ని నా చేతిలోంచి అందుకుని, బొటనవేలితో వంచబోయి, వంగకపోతే నవ్వాడు. "ఇగ ఇది పనికి రాదక్కా, పారెయ్యుండ్రి" అన్నాడు. అతని తప్పేమీ లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. బ్రష్షు లాక్కుని, కనీసం టీ కూడా ఇవ్వకుండా ఆ మనిషిని పంపించేశాను. తర్వాత వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో చాలాసేపు ఏడ్చాను.

మా బాపు పేరు దానియేలు. ఇళ్ళకు రంగులు వేసేవాడు. శంషాబాద్‌లో రైలు పట్టాలకు అవతల మాది రెండు గదుల ఇల్లు. సాయంత్రం పని నుంచి రాగానే ఆయన చేసే మొదటి పని కాళ్ళు కడుక్కోవడం కాదు, బ్రష్షులు కడగడం. ఆయిల్ పెయింట్ బ్రష్షులకు కిరోసిన్, డిస్టెంపర్ బ్రష్షులకు నీళ్ళు. పెరట్లో రాయి మీద కూర్చుని, కుచ్చును అరచేతిలో తిప్పి తిప్పి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగేవాడు. ఆ పైన కుచ్చును వేళ్ళతో దువ్వి, పాత పేపరు చుట్టి, ఎర్రదారం కట్టి, తలకిందులుగా మేకుకు వేలాడదీసేవాడు. "పెండ్లినాడు నా జడ గూడ ఎవ్వరు గింత సేపు దువ్వలే" అని అమ్మ ఎకసెక్కాలు ఆడేది. అది అయ్యాకే స్నానం. ఎంత రుద్దుకున్నా ఒంటి మీద కిరోసిన్, తడి సున్నం, బీడీ కలిసిన వాసన పోయేది కాదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెడకు పౌడరు రాసుకుని చర్చికి వచ్చినా ఆ వాసన చొక్కా లోపలి నుంచి తేలి వచ్చేది. చిన్నప్పుడు నాకది సిగ్గు. ఆడవాళ్ళ వైపు వెళ్ళి దూరంగా కూర్చునేదాన్ని. ఇప్పుడు ఎవరి కొత్త ఇంట్లోనైనా అలాంటి వాసన తగిలితే గడపలోనే ఆగిపోతాను.

మా ఊరి మీద విమానాలు కొత్తగా దిగుతున్న రోజులవి. రోడ్డు పొడవునా హోటళ్ళు, గోదాములు, తుక్కుగూడ వైపు విల్లాలు లేస్తుండేవి. బాపుకు చేతినిండా పని. ఊరంతా తలెత్తి విమానాలు చూస్తుంటే ఆయన తలెత్తి ఇళ్ళ కప్పులు చూసేవాడు. పెళ్ళికి పిలిచినా, చావుకు వెళ్ళినా, గుమ్మంలో అడుగు పెట్టగానే చూపు పైకే పోయేది. "ఇంటోల్లు గోడలు చూస్తరు బిడ్డా, సీలింగ్ ఎవ్వరు చూడరు. గందుకే పెయింటర్ సంగతి సీలింగ్‌లనే తెలుస్తది" అనేవాడు. కప్పుకు రంగు పట్టీలు పట్టీలుగా వేస్తారు. రోలర్‌తో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పట్టీ, అది తడిగా ఉండగానే దాని అంచు మీదికి కాస్త ఎక్కిస్తూ పక్కన ఇంకో పట్టీ. మధ్యలో ఆపితే అంచు ఎండిపోతుంది. ఎండిన అంచు మీద తడి రంగు పడితే అక్కడొక గీత తేలుతుంది. దాన్నే జాయింట్ అంటారు. పొద్దుటి వెలుతురు కిటికీలోంచి ఏటవాలుగా పడ్డప్పుడు అది ఎంత దూరానికైనా కనబడుతుంది. మళ్ళీ గోడ నుంచి గోడ దాకా ఒకే ఊపులో ఇంకో కోటు వేస్తే తప్ప పోదు. అందుకే బాపు ఆజ్ఞల్లో మొదటిది, పట్టీ మధ్యలో దిగకూడదు. "యేసయ్య రెండోసారొచ్చి తలుపు కొట్టినా దిగొద్దు. జర ఆగు ప్రభువా, అంచు ఎండుతది అనాలె" అనేవాడు. అమ్మ లెంపలు వేసుకుని, ఆయన తరఫున తనే క్షమాపణ అడిగేది.

ఇంత చాదస్తం ఉన్న మనిషి ఇంటి కప్పు ఎలా ఉండాలి? మాది ఊళ్ళోకెల్లా అధ్వాన్నం. పనుల్లో మిగిలిపోయిన డబ్బాలు తెచ్చి, తీరిక దొరికిన పూట తీరిక దొరికినంత మేర పూసేవాడు. లోపలి గదిలో కప్పు మూడు రకాల తెలుపు. కిటికీ పక్కది హోటల్ తెలుపు, నడుమ ఉన్నది ఎవరిదో విల్లా తెలుపు, మూలకు పచ్చకామెర్లు వచ్చినట్టున్నది ఏ ఇంటిదో ఆయనకే గుర్తులేదు. క్రిస్మస్‌కు అందరి ఇళ్ళకూ రంగులు పడతాయి కాబట్టి డిసెంబరులో ఆయన ఇంట్లో ఉండేదే లేదు. "వచ్చే క్రిస్మస్‌కు మనింటి సీలింగ్ అద్దం లెక్క చేస్త" అని ప్రతి క్రిస్మస్‌కూ అనేవాడు. మేమూ నమ్మేవాళ్ళం కాదు, ఆయనా నమ్మేవాడు కాదు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, కడుతున్న ఒక భవనంలో పరంజా కట్టె విరిగి బాపు వెల్లకిలా కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద స్పర్శ పోయింది. దవాఖాన నుంచి తెచ్చి లోపలి గదిలో మంచం మీద పడుకోబెట్టాం. పక్కకు తిప్పేది, తుడిచేది అమ్మా నేనూ. మిగతా పొద్దంతా ఆయన వెల్లకిలానే. కళ్ళెదురుగా ఆ మూడు రంగుల కప్పు. శుక్రవారాలు చర్చి వాళ్ళు ప్రార్థనకు వచ్చేవారు. మంచం చుట్టూ నిలబడి అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచితే, బాపు ఒక్కడే కళ్ళు తెరుచుకుని పైకి చూస్తుండేవాడు. దేవుణ్ణి చూస్తున్నాడని పాస్టరు అయ్యగారు ఒకసారి మెచ్చుకున్నారు కూడా. వాళ్ళు వెళ్ళాక బాపు నన్ను పిలిచి, "ఆ నడుమ పట్టీ చూస్తే నాకు పరేషాన్ అయితున్నదే. ఎవడేసిండే గా సీలింగ్?" అన్నాడు. "నువ్వే బాపూ" అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు. తిప్పుకోగలిగింది ముఖం ఒక్కటే.

కొన్నాళ్ళకు అసలు సంగతి అడిగాడు. అడగడానికి మొహమాటపడ్డాడు. నా తండ్రి నన్ను మొహమాటపడుతూ అడిగింది అదొక్కటే. "బిడ్డా, నువ్వు ఏస్తవా? నేను చెప్త, నువ్వు ఏసెయ్. ఒక్కసారి మంచి సీలింగ్ కింద పండుకోవాలనుంది." ఇంకో పెయింటరును పిలుద్దామంటే ఒప్పుకోలేదు. తోటి పనివాళ్ళు వచ్చి, పెయింటర్ దానియేలు ఇంటి కప్పు ఇలా ఉందని చూడటం ఆయనకు ఇష్టం లేదు. నేను సరేనన్నాను. చదువుకున్నదాన్ని, గోడకు రంగు పూయడం ఒక విద్యా అనే పొగరు నాలో బాగానే ఉండేది.

ఆ పొగరు వంటింటి గోడ దగ్గరే దిగిపోయింది. ముందు అక్కడ చెయ్యి తిరగాలన్నాడు. గుంతలకు లప్పం పెట్టి పూడ్చడం, ఎండాక రెగ్మాల్ కాగితంతో రుద్ది నున్న చేయడం, దుమ్ము తడిబట్టతో తుడవడం, ఇవన్నీ అయితే గానీ బ్రష్షు ముట్టనిచ్చేవాడు కాదు. రోజూ కాలేజీ నుంచి వచ్చి రెండు గంటలు. ఆయన మంచం మీద నుంచే అరిచేవాడు. వంటింటి గోడ ఆయనకు కనబడదు. చప్పుడుతోనే పోల్చుకునేవాడు. రంగు నిండా ఉన్న రోలరు తడి చెప్పుల్లా మెత్తగా చప్పుడు చేస్తుంది, ఎండినది కరకరమంటుంది. "ఎండింది, ముంచు!" అని లోపలి నుంచి కేక. "మరీ ముంచినవ్, కారుతది!" అని ఇంకో కేక. నేను విసుక్కుంటే, "గోడకు కోపం చూపియ్యకు, అది పట్టుకుంటది" అనేవాడు. ఒకరోజు ఏమనకుండా చాలాసేపు విన్నాడు. తర్వాత అమ్మతో మెల్లగా, "నా చెయ్యి దీనికొచ్చింది" అన్నాడట. నా ముఖాన మాత్రం ఎప్పుడూ అనలేదు. అమ్మ చెప్పగా విన్న ఆ ఒక్క మాట తర్వాత నాకు ఏ సర్టిఫికెట్టూ గొప్పగా తోచలేదు.

డిసెంబరు వచ్చింది. ఒక శనివారం పొద్దున బాపు మంచాన్ని ముందు గదిలోకి జరిపాం. వారం నుంచీ దగ్గుతున్నాడు, రంగు వాసన పడదేమో ఆగుదామంటే వినలేదు. "క్రిస్మస్‌కు అందరొస్తరు. కానియ్" అన్నాడు. కిటికీ రెక్కలు మూయించాడు, గాలికి అంచు తొందరగా ఎండుతుందని. ముందు బ్రష్షుతో నాలుగు వైపులా గోడకూ కప్పుకూ మధ్య అంచు కట్టాను. పాత మరకలు కనబడకుండా అడ్డంగా మొదటి కోటు వేశాను. అది ఎండాక మధ్యాహ్నం రెండో కోటు, ఈసారి కిటికీ వెలుతురు ఎటు పోతే అటు. బల్ల మీద ఎక్కి, మెడ విరిచి, మొదటి పట్టీ, రెండో పట్టీ. ముందు గదిలోంచి "ముంచు", "చాలు", "నడువు" అని వినబడుతూనే ఉంది. ఐదో పట్టీలో ఉండగా ఆ గొంతు ఆగింది. కునుకు పట్టిందనుకున్నాను. నా రోలరు కరకరమంది. "ముంచు" అనే కేక రాలేదు. ఇంకొంచెం కావాలనే ఎండు రోలరు లాగాను. రాలేదు. పట్టీ సగంలో రోలరు వదిలేసి దూకాను.

బాపు ఊపిరి అందక కొట్టుకుంటున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి, చెయ్యెత్తి, పో పొమ్మని లోపలి గది వైపు చూపించాడు. ఆ మనిషికి అప్పుడు కూడా అంచే. నేను కేకలు వేసుకుంటూ బయటికి పరిగెత్తాను. పక్కింటి మల్లేశన్న ఎయిర్‌పోర్టు క్యాబు నడిపేవాడు. డ్యూటీకి బయలుదేరుతున్నవాడు బండి వెనక్కి తిప్పాడు. బాపును వెనక సీటులో పడుకోబెట్టి, అమ్మా నేనూ ఆయన తలా కాళ్ళూ ఒళ్ళో పెట్టుకుని దవాఖానకు చేర్చాం. ఊపిరితిత్తులకు నిమ్ము ఎక్కిందన్నారు.

మర్నాటికి కాస్త తేరుకున్నాడు. ముక్కుకు పెట్టిన గొట్టం పక్కకు జరిపి, మొదట అన్న మాట, "సీలింగ్?"

"అయిపోయింది బాపూ."

"జాయింట్ పడ్డదా?"

"పడలే."

ఆయన నా ముఖంలోకి చూశాడు. కాసేపు అలాగే చూసి, "మంచిగైంది" అని కళ్ళు మూసుకున్నాడు. అబద్ధం ఆడుతున్నానన్న బాధ కూడా నాకు అప్పుడు లేదు. సమయానికి తెలివిగా చెప్పాననుకున్నాను. అదే రోజు సాయంత్రం డాక్టరు, ఇలాగే ఉంటే రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నాడు. అప్పుడు పట్టుకుంది నాకు దిగులు. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టగానే ఆయన మొట్టమొదట చూసేది ఆ గీతనే. ఇంక ఎన్నేళ్ళు బతికినా, కళ్ళు తెరిచినప్పుడల్లా నా అబద్ధాన్నే చూస్తూ బతకాలి.

మూడో రోజు పొద్దున, ఉతికిన బట్టలూ దుప్పట్లూ తెస్తానని అమ్మకు చెప్పి ఇంటికి వచ్చాను. వచ్చింది బట్టలకు కాదు. కప్పు మొత్తం గోడ నుంచి గోడ దాకా ఇంకో కోటు, ఒకే ఊపులో. గంటన్నర పని. కిటికీ మూసి, ఫోను కిటికీ అంచున పెట్టి, బల్ల ఎక్కాను. అంచు కట్టాను. ఆ రోజు నాకు తోడు చెప్పేవాళ్ళు లేరు. "ముంచు", "చాలు" అని నేనే పైకి అనుకుంటూ వేశాను. ఆరో పట్టీ మధ్యలో ఉండగా ఫోను మోగింది. పై నుంచి చూస్తే తెలియని నంబరు. దిగితే మళ్ళీ గీత. మొన్న దిగినందుకేగా ఇదంతా. అమ్మ పక్కవాళ్ళ ఫోనులోంచి, ఏ దుప్పటి తేవాలో చెప్పడానికి చేస్తుందనుకున్నాను. మోగి మోగి ఆగిపోయింది. ఏడో పట్టీలో మళ్ళీ మోగింది. కిటికీ అంచున వణుకుతూ కింద పడబోయింది. "జర ఆగమ్మా, అంచు ఎండుతది" అని పైకే అన్నాను. అన్నాక నవ్వుకున్నాను కూడా. ఎనిమిది, తొమ్మిది, ఎదుటి గోడ. దిగి, గుమ్మంలో నిలబడి, బాపులాగే తల వంచి ఏటవాలుగా చూశాను. ఒక్క గీత లేదు. పాలు పోసినట్టు ఒకటే తెలుపు. ఒంటరిగా ఆ ఇంట్లో చప్పట్లు కొట్టాను.

తడి చేతులతోనే ఆ నంబరుకు తిరిగి చేశాను. ఎత్తింది పక్క మంచం రోగి భార్య. "ఓ బిడ్డా, జల్ది రా" అంది. ఆమె వెనక మా అమ్మ ఏడుపు వినబడింది. నాకు అర్థమైపోయింది. బ్రష్షు బల్ల మీద ఎలా ఉన్నది అలాగే ఉంది.

మేము బాపును తీసుకొచ్చి ఆ తెల్లటి కప్పు కింద పడుకోబెట్టాం. వచ్చినవాళ్ళంతా తల వంచుకుని ఆయన్ను చూశారు. ఆయనే అన్నట్టు, సీలింగ్ ఎవ్వరూ చూడలేదు. నేలమీద చాపలు ఎత్తేసి అందరూ వెళ్ళిపోయాక అమ్మ నన్ను అడిగింది. "రెండుసార్లు చేపిచ్చిన బిడ్డా. ఎత్తలేదేంది?" "తానం చేస్తున్ననమ్మా" అన్నాను. అమ్మ చూపు నా తల మీద ఆగింది. నా జుట్టు నిండా తెల్ల చుక్కలు ఉన్నాయని తర్వాత అద్దం చూసుకుంటే తెలిసింది. ఆ వారంలోనే బల్ల మీద బ్రష్షు చూశాను. బిగుసుకుపోయింది. నానబెట్టి చూద్దామని కూడా అనిపించలేదు. ఎర్రదారం కట్టి కవర్లో పెట్టేశాను.

ఒకసారి దిగి కప్పు పాడుచేశాను, ఒకసారి దిగక తండ్రిని పోగొట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా దీన్ని ఎవరితోనూ అనలేదు. పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, ఇద్దరు పిల్లలు. మా ఫ్లాటులో కప్పుకు కింద ఇంకో కప్పు, అందులో దీపాలు. ఇప్పుడు మిషనుతో చిమ్ముతారు, నిమిషాల్లో అయిపోతుంది, పట్టీలూ లేవు, అంచులూ లేవు. వినడానికి చప్పుడూ లేదు. ఇప్పటి వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఎవరింటికి వెళ్ళినా నా చూపు ముందు పైకే పోతుంది. ఫోను మోగితే ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, మొదటి మోతకే ఎత్తుతాను. మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

బ్రష్షు దొరికిన మరుసటి ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని శంషాబాద్ వెళ్ళాను. మా ఇంటికి రెండు వైపులా విమాన ప్రయాణికులు దిగే లాడ్జీలు లేచాయి. అమ్మ మాత్రం ఆ లోపలి గది వదలదు. గోడలకు రెండుసార్లు రంగులు మార్చింది గానీ కప్పు ముట్టనివ్వలేదు. బ్రష్షు ఆమె ఒళ్ళో పెట్టి, "ఆ రోజు నేను తానం చేస్తలేనమ్మా" అన్నాను. అన్నీ చెప్పాను, చప్పట్లు కొట్టిన సంగతితో సహా.

అమ్మ గడ్డకట్టిన కుచ్చును వేళ్ళతో దువ్వుతూ విన్నది. "నాకెరికే" అన్నది. "మీ బాపుకు గూడ ఎరికే."

"బాపుకా? ఎట్ల?" అన్నాను.

"పొద్దున నువ్వు పోయినంక ఆయాసం మల్లెక్కింది. నేను ఫోన్ చేపియ్యబోతే నా చెయ్యి పట్టుకున్నడు. 'చెయ్యకు, పట్టీ మధ్యల ఉంటది' అన్నడు. బట్టలకు పోయింది గదా అన్న. 'బట్టలకు గాదు. మొన్న ఐదో పట్టీల దిగింది, నేను ఇన్న గద. అది తీసేయనీకి పోయింది. ఇయ్యాల దిగనియ్యకు' అన్నడు. నాకే భయమై చేపిచ్చిన. రెండోసారి గూడ నువ్వు ఎత్తకపోతే, ఇగ నవ్విండు."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేందమ్మా?" అని అరిచాను. నిజంగానే అరిచాను, కోపంతో.

"నువ్వు తానం చేస్తున్న అన్నవ్ గద బిడ్డా. నీ మాట నేనెందుకు తీసెయ్యాలె అనుకున్న."

ఎండు రోలరు చప్పుడు కూడా పోల్చుకునే మనిషి, రోలరు ఆగిపోవడం వినకుండా ఉంటాడా? ఇంత చిన్న సంగతి నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. దవాఖానలో నా ముఖంలోకి అంతసేపు చూసింది అందుకని, "మంచిగైంది" అన్నది అబద్ధాన్ని నమ్మి కాదని, ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు గుండె తేలికపడుతుందనుకుంటారు. పడలేదు. నవ్విన ఆ ముఖం నేను చూడలేదు కదా అన్న బాధ కొత్తగా మొదలైంది.

ఆ పూట అమ్మ పక్కన మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. కిటికీలోంచి వెలుతురు ఏటవాలుగా కప్పు మీద పడుతోంది. అమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. "నాకు కనిపిస్తలేదు గాని, జాయింట్ ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెల్లగా చూశాను.

"లేదమ్మా" అన్నాను. అడిగినవాడికి అబద్ధంగా చెప్పిన మాట అది. నిజంగా చెప్పేసరికి వినడానికి ఆయన లేడు.